డిస్కు మీద తెలుగు లేబుల్: సాఫ్ట్‌వేర్ కంటే ముందు ట్రే సంగతి చూడండి

తిరుపతి డీటీపీ షాపుల్లో ‘సీడీ మీద పేరు ప్రింట్ చేసిస్తారా’ అని అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. పెళ్లి ఆల్బమ్‌తో పాటు డీవీడీ కూడా ఉండాలని పట్టుబట్టే పెద్దవాళ్లు, అమ్మాయి అరంగేట్రం రికార్డింగును గురువుగారికీ చుట్టాలకీ పంచాలనుకునే తల్లిదండ్రులు, థీసిస్‌తో పాటు సీడీ జతచేసే పరిశోధక విద్యార్థులు, సీసీటీవీ ఫుటేజీ కాపీని కోర్టులో దాఖలు చేయబోయే జూనియర్ లాయర్లు... వీళ్లెవరికీ పెన్‌డ్రైవ్ సరిపోదు. డిస్కు చేతికివ్వాలి, దాని మీద ఏముందో చదవగానే తెలియాలి.

‘దీనికి ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?’ అని అడిగితే ఒక పేరు చెప్పేయడం తేలికే. కానీ ఆ పేరు పట్టుకుని పని మొదలుపెడితే డిస్కులు వృథా అవుతాయి. ఎందుకంటే ఇందులో రెండు వేరువేరు పనులున్నాయి. బొమ్మ తయారుచేయడం ఒకటి. దాన్ని గుండ్రటి ప్లాస్టిక్ మీద, మధ్యలో చిల్లు తప్పకుండా, సరిగ్గా దింపడం రెండోది. రెండో పని ప్రింటర్ కంపెనీ ఇచ్చే సాఫ్ట్‌వేర్‌కి బాగా తెలుసు. మొదటి పని, అందులోనూ తెలుగులో, దానికి అంతగా చేతకాదు. రెండూ ఒకేచోట అయిపోతాయని చెప్పే లేబుల్ ప్యాకేజీలు ఇంగ్లీషు వరకూ బాగానే నడుస్తాయి. మన అక్షరాలు వలయంలో తిరగాల్సి వచ్చేసరికి వాటిలో చాలావాటి గుట్టు బయటపడుతుంది. అందుకే రెండు పనుల్నీ విడదీసి చూడమంటాను.

నేరుగా ముద్రించడం అంటే

ముందు స్టిక్కర్ సంగతి తేల్చేద్దాం. గుండ్రటి కాగితం లేబుల్ ప్రింట్ తీసి అంటించడం చవక, దానికి ఏ ప్రింటరైనా చాలు. కానీ 52ఎక్స్ వేగపు డ్రైవులో సీడీ నిమిషానికి సుమారు పదివేల చుట్లు తిరుగుతుంది. స్టిక్కర్ కొంచెం పక్కకి పడినా డిస్కు బరువు ఒకవైపు లాగి ఊగుతుంది. వేడికి అంచు లేచిందంటే డ్రైవులోనే ఇరుక్కుంటుంది. పీకి మళ్లీ అంటిద్దామంటే అది ఇంకా ప్రమాదం. సీడీలో లేజర్ కాంతిని వెనక్కి పంపే లోహపు పొర లేబుల్ వైపే, పల్చటి లక్క పూత కింద ఉంటుంది. స్టిక్కర్‌తో పాటు అదీ ఊడి రావచ్చు. డీవీడీలో ఆ పొర రెండు 0.6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ పలకల మధ్య ఉంటుంది కాబట్టి ఆ భయం లేదు, ఊగే బాధ మాత్రం తప్పదు. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ 2003లో వెలువరించిన డిస్కుల సంరక్షణ మార్గదర్శిని కూడా ఎక్కువకాలం దాచుకునే డిస్కులకి అంటించే లేబుళ్లు వద్దనే చెప్పింది.

డేటా రైట్ చేసే లేజర్‌తోనే, డిస్కుని తిరగేసి పెట్టి, పైవైపు బొమ్మ గీసే పద్ధతి ఒకప్పుడు ఉండేది. హెచ్‌పీ 2004లో ప్రకటించిన లైట్‌స్క్రైబ్ అలాంటిదే. యమహా, ఫ్యూజీఫిల్మ్ కలిసి లేబుల్‌ఫ్లాష్ తెచ్చాయి. వీటికి ప్రత్యేకమైన డ్రైవు, ప్రత్యేకమైన డిస్కు రెండూ కావాలి. రంగులుండవు, నిండుగా ఉన్న బొమ్మ గీయడానికి ఇరవై నిమిషాలు దాటేది. ఆ డిస్కులూ డ్రైవులూ ఇప్పుడు తయారీలో లేవు. ఏదైనా సాఫ్ట్‌వేర్ తన ప్రకటనలో లైట్‌స్క్రైబ్ సపోర్టునే గొప్పగా చెప్పుకుంటుంటే, అది ఎంత పాతదో అక్కడే తెలిసిపోతుంది.

బజార్లో కొన్న అన్నమయ్య కీర్తనల సీడీల మీద కనిపించే ముద్రణ వేరు. వేల సంఖ్యలో ఫ్యాక్టరీలో అచ్చొత్తే డిస్కులకి స్క్రీన్ ప్రింటింగో ఆఫ్‌సెట్టో వాడతారు. పదుల్లో, వందల్లో చేసేవాళ్లకి ప్రధానంగా మిగిలేది ఇంక్‌జెట్. పైన తెల్లటి పూత ఉన్న ‘ప్రింటబుల్’ డిస్కు, దాన్ని ట్రేలో పెట్టి లోపలికి లాక్కునే ప్రింటర్.

మన దగ్గర ఇది అనుకున్నంత అరుదేమీ కాదు. ఎప్సన్ ఎల్805, దాని తర్వాత వచ్చిన ఎల్8050 లాంటి ఆరు రంగుల ఇంకు ట్యాంక్ ప్రింటర్లకి డిస్కు ముద్రించే సదుపాయం ఉంది. వీధిలో ప్లాస్టిక్ ఐడీ కార్డులు ప్రింట్ చేసే షాపుల్లో చాలాచోట్ల ఉండేవి ఇవే, కార్డుని లోపలికి పంపేది కూడా అదే ట్రే దారిన. అంటే మీ పక్కవీధిలో ఆధార్ కార్డు ప్రింట్ తీసే కుర్రాడి దగ్గర మీకు కావలసిన మెషీన్ ఉండి ఉండొచ్చు. డిస్కు ట్రేని అట్టపెట్టెలోంచి బయటికి తీయమని అడగడమే తరువాయి.

ట్రే మాట ఎవరు వింటారు

మామూలు ప్రింటుకీ డిస్కు ప్రింటుకీ తేడా డ్రైవర్ దగ్గర, అంటే కంప్యూటర్ నుంచి ప్రింటర్‌ని నడిపే ప్రోగ్రామ్ దగ్గర ఉంది. కాగితాన్ని వెనకనుంచి లాగకు, ముందు పెట్టిన ట్రేని తీసుకో, ఈ పూత మీద ఇంకు ఇంతే వెయ్యి అని ప్రింటర్‌కి చెప్పేది డ్రైవర్. ఆ సంగతి డ్రైవర్‌కి తెలియాలంటే మీడియా టైప్‌లో ‘సీడీ/డీవీడీ’ ఎంచుకోవాలి. కంపెనీ సొంత సాఫ్ట్‌వేర్‌లో ఇది దానంతట అదే జరిగిపోతుంది. ఎల్805 కాలం మోడళ్లకి ఎప్సన్ ప్రింట్ సీడీ, కొత్తవాటికి ఎప్సన్ ఫోటో ప్లస్ ఉన్నాయి. కానన్‌లో డిస్కు సదుపాయం ఉన్న మోడళ్లకి ఒకప్పుడు మై ఇమేజ్ గార్డెన్, ఇప్పుడు ఈజీ ఫోటోప్రింట్ ఎడిటర్. అన్నీ ఉచితమే.

బయటి సాఫ్ట్‌వేర్ నుంచి పంపితే అది మీ ప్రింటర్‌ని గుర్తుపట్టాలి. ఈ ప్యాకేజీలు ఒక్కో ప్రింటర్ ట్రేకీ ఒక్కో కొలతల పట్టిక దగ్గర పెట్టుకుంటాయి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఆగిపోయాక వచ్చిన ప్రింటర్ ఆ పట్టికలో ఉండదు. అప్పుడు ఏ4 సైజు, నిలువు, మీడియా టైప్ సీడీ అని డ్రైవర్లో మీరే పెట్టి, డిస్కు ఆ పేజీలో ఎక్కడ పడుతుందో కొలుచుకోవాలి. చేయలేని పని కాదు, కానీ మొదటి నాలుగైదు డిస్కులు దానికి బలి అవుతాయి. డబ్బు పెట్టి కొనేముందు వెబ్‌సైట్‌లో చూడాల్సింది ఎన్ని వేల టెంప్లేట్లు ఉన్నాయో కాదు, మీ ప్రింటర్ మోడల్ నంబర్ ఆ జాబితాలో ఉందా లేదా.

యూట్యూబ్‌లో చూసి కొనేవాళ్లకి ఇంకో మాట. మోడల్ పేరు ఒకటే అయినా దేశాన్ని బట్టి ట్రే ఉండటం, లేకపోవడం జరుగుతుంది. అమెరికాలో అమ్మిన కానన్ ప్రింటర్లలో చాలా ఏళ్లు డిస్కు ట్రే ఉండేది కాదు, అవే మెషీన్లు యూరప్‌లో ట్రేతో వచ్చేవి. కాబట్టి మన దేశపు వెబ్‌సైట్‌లో ఆ మోడల్ వివరాల పేజీ తెరిచి ‘డిస్క్ ప్రింట్’ అనే మాట కనిపిస్తేనే నమ్మండి.

లినక్స్ వాడేవాళ్లకి గుటెన్‌ప్రింట్ డ్రైవర్లు చాలా ఎప్సన్ మోడళ్లలో, కొన్ని కానన్ మోడళ్లలో డిస్కు ట్రేని నడిపిస్తాయి. టర్బోప్రింట్ కూడా ఆ పని చేస్తుంది, దానికి డబ్బు కట్టాలి.

వలయంలో మన అక్షరాలు

అసలు చిక్కంతా ఇక్కడుంది. సీడీ అనగానే అందరికీ అంచు చుట్టూ తిరిగే పేరు కావాలి. ఇంగ్లీషులో ఒక్కో అక్షరాన్నీ కొంచెం కొంచెం వాల్చుకుంటూ పోతే పని అయిపోతుంది. తెలుగులో అలా కుదరదు. కంప్యూటర్ లోపల ‘శ్రీ’ ఒక అక్షరం కాదు. శ, పొల్లు, ర, దీర్ఘపు గుడి అని నాలుగు కోడ్‌లు. ‘స్వాతంత్ర్యం’ మన కంటికి మూడు అక్షరాలే, యూనికోడ్‌లో (అన్ని లిపులకీ కంప్యూటర్లు వాడే ఉమ్మడి కోడ్ పద్ధతిలో) పన్నెండు కోడ్‌లు. వీటిని కలిపి ఒత్తుల్నీ గుణింతాల్నీ చోటు చూసి కూర్చే పనిని షేపింగ్ ఇంజిన్ అనే భాగం చేస్తుంది. విండోస్‌లో, లినక్స్‌లో అది ఎప్పటినుంచో ఉంది.

అయితే లేబుల్ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లలో చాలామంది గుండ్రటి అక్షరాల కోసం అడ్డదారి తొక్కారు. వాక్యాన్ని కోడ్‌లుగా విడగొట్టి, ఒక్కోదాన్నీ విడిగా గీసి వలయం మీద పెట్టేస్తారు. షేపింగ్ ఇంజిన్‌కి వాక్యం అందదు, ముక్కలు అందుతాయి. ‘శ్రీ’ బదులు శ పక్కన పొల్లు, ఆ పక్కన ర, దాని పక్కన చుక్కల సున్నాకి తగిలించిన గుడి వస్తాయి. చుక్కల సున్నా కనిపించిందంటే గుణింతపు గుర్తు తన హల్లుకి దూరమైందని అర్థం. మోసం ఏమిటంటే అదే సాఫ్ట్‌వేర్‌లో అడ్డంగా, సరళరేఖలో టైప్ చేస్తే తెలుగు శుభ్రంగా కనిపిస్తుంది. ‘తెలుగు వస్తోంది కదా’ అని డబ్బు కట్టేశాక, వలయం బటన్ నొక్కినప్పుడు తెలుస్తుంది.

అందుకని ట్రయల్ వెర్షన్‌లో చేయాల్సిన పరీక్ష ఒకటే. టెక్స్ట్‌ని వలయంలో పెట్టి శ్రీ, స్త్రీ, లక్ష్మి, జ్ఞానం, స్వాతంత్ర్యం అని కొట్టండి. అన్నీ చక్కగా కూర్చుంటే ఆ సాఫ్ట్‌వేర్‌ని నమ్మొచ్చు. ఒక్కటి విడిపోయినా తెలుగు పనికి అది పనికిరాదు, మిగతా ఎన్ని హంగులున్నా సరే. ఆన్‌లైన్‌లో డిజైన్ చేసే సైట్లకీ ఇదే పరీక్ష.

ఇంక్‌స్కేప్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ ఈ విషయంలో నాకు నచ్చుతుంది. ఉచితం, విండోస్‌లో, మ్యాక్‌లో, లినక్స్‌లో దొరుకుతుంది. టెక్స్ట్‌ని షేపింగ్ చేశాకే గీత మీదికి ఎక్కిస్తుంది. ఒక వృత్తం గీసి, టెక్స్ట్‌నీ దాన్నీ కలిపి ఎంచుకుని ‘పుట్ ఆన్ పాత్’ అంటే చాలు. ఫోటోషాప్ అలవాటున్నవాళ్లు ప్రిఫరెన్సెస్‌లోని టైప్ విభాగంలో మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ ఆప్షన్ పెట్టుకోవాలి. కొత్త వెర్షన్లలో దాన్నే వరల్డ్ రెడీ లేఅవుట్ అంటున్నారు. అది లేకుండా యూనికోడ్ తెలుగు పేస్ట్ చేస్తే ఒత్తులు పక్కకి దిగిపోతాయి. మన షాపుల్లో ఇప్పటికీ నడుస్తున్న పాత ఫోటోషాప్ వెర్షన్లకి ఆ ఆప్షనే లేదు. వాళ్లు యూనికోడ్ కాని పాత తరహా అను ఫాంట్లని వదలకపోవడానికి అదొక కారణం, మొండితనం కాదు.

అను ఫాంట్లలో ఒత్తు ఒక విడి ముక్క, హల్లు ఇంకో ముక్క. రెండూ పక్కపక్కన పడి ఒకదాని కింద ఒకటి ఉన్నట్టు కనిపిస్తాయి. సరళరేఖలో ఏ ఇబ్బందీ లేదు. వలయంలో ఒక్కో ముక్కా విడిగా వాలుతుంది కాబట్టి ఒత్తు తన హల్లుని వదిలి కొంచెం జరుగుతుంది. అను వాడి తీరాలంటే పేరుని అడ్డంగా, చిల్లుకి పైనో కిందో పెట్టడం మేలు. వలయమే కావాలంటే యూనికోడ్‌కి రావాలి. సిలికానాంధ్ర సంస్థ విడుదల చేయించిన రామభద్ర, మండలి, సూరన్న, ఎన్‌టీఆర్ లాంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. శీర్షికకి రామభద్ర నిండుగా ఉంటుంది, చిన్న వివరాలకి మండలి హాయిగా చదివిస్తుంది.

సాఫ్ట్‌వేర్ సరైనదే అయినా, వలయంలో తెలుగు అందంగా రావడానికి ఒక లెక్క ఉంది. వలయం మీద పెట్టినప్పుడు అక్షరాలు వంగవు, ఒక్కోటీ పక్కకి వాలుతాయంతే. డిస్కు పైభాగంలో రాస్తే అక్షరాల పాదాలు చిల్లు వైపు ఉంటాయి, అక్కడ చోటు తక్కువ. గీత 50 మిల్లీమీటర్ల వ్యాసార్థంలో ఉండి, ఒత్తులు 4 మిల్లీమీటర్లు కిందికి దిగాయనుకోండి. ఆ ఒత్తులకి దొరికే చోటు 8 శాతం తగ్గుతుంది. అదే చిల్లుకి దగ్గరగా 25 మిల్లీమీటర్ల వ్యాసార్థంలో రాస్తే 16 శాతం. ‘అన్నమాచార్య సంకీర్తనలు’ అని రాస్తే ‘ర్య’ కింది య ఒత్తు పక్క అక్షరం కాళ్లకి అడ్డం పడుతుంది. అక్షరాల మధ్య ఎడం కొంచెం పెంచితే సర్దుకుంటుంది.

డిస్కు కిందిభాగంలో, నిటారుగా చదివేలా రాస్తే అంతా తారుమారవుతుంది. పాదాలు బయటి అంచు వైపు ఉంటాయి, ఒత్తులకి చోటే చోటు. గుడులూ తలకట్లూ లోపలివైపు కొంచెం దగ్గరవుతాయి, అది పెద్దగా కంటికి తెలియదు. ఒత్తులు ఎక్కువున్న పేరుని కింది చాపంలో, తక్కువున్నదాన్ని పై చాపంలో పెట్టుకోండి. కింది చాపంలో జాగ్రత్త ఒక్కటే: వేలాడే ఒత్తుకీ డిస్కు అంచుకీ మధ్య కనీసం 3 మిల్లీమీటర్లు వదలాలి. లేకపోతే అంచున ముద్రణ ఆగిపోయి ‘ర్య’ కాస్తా ‘ర’గా మిగులుతుంది.

కొలతలు, తెలుపు రంగు

డిస్కు బయటి వ్యాసం 120 మిల్లీమీటర్లు, చిల్లు 15. ముద్రించదగిన పూత మాత్రం కంపెనీని బట్టి మారుతుంది. కొన్నింటికి చిల్లు దగ్గర 23 మిల్లీమీటర్ల వ్యాసం దాకా పూత వస్తుంది, కొన్నింటికి 40 దగ్గరే ఆగిపోతుంది. పూత లేని ప్లాస్టిక్ మీద పడ్డ ఇంకు ఆరదు. చేతికి అంటుతుంది, ఆ తర్వాత డ్రైవుకి అంటుతుంది. కొన్న డిస్కుని స్కేలుతో కొలిచి, ప్రింటర్ సాఫ్ట్‌వేర్‌లో లోపలి, బయటి వ్యాసాలు ఆ ప్రకారం సరిచేయాలి.

డిజైన్ ఫైలుని 122 మిల్లీమీటర్ల చతురస్రంలో, అంచులు దాటేలా నేపథ్యం వేసి, 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల చొప్పున) ఎక్స్‌పోర్ట్ చేయండి. 120 మిల్లీమీటర్లకి అది 2835 పిక్సెళ్లు. 300 డీపీఐలో 1417 వస్తాయి, ఫోటోకి చాలు గానీ చిన్న తెలుగు అక్షరాల ఒత్తులు మసకబారతాయి. చిల్లుని మీరు కత్తిరించక్కర్లేదు, ప్రింటర్ సాఫ్ట్‌వేర్ వదిలేస్తుంది. ఈ ఒక్క బొమ్మని ఎప్సన్ ప్రింట్ సీడీ లాంటిదాంట్లో నేపథ్యంగా పెట్టండి. తెలుగు అప్పటికే బొమ్మలో భాగమైపోయింది కాబట్టి ఆ సాఫ్ట్‌వేర్‌కి మన లిపి రాకపోయినా నష్టం లేదు.

ఇలాంటి ఇంక్‌జెట్ ప్రింటర్లలో తెల్ల ఇంకు ఉండదు. తెల్ల పూత డిస్కు మీద ఖాళీ వదిలితే తెలుపు వస్తుంది, వెండి పూత డిస్కు మీద అదే ఖాళీ వెండిలా మెరుస్తుంది. వేంకటేశ్వరస్వామి నామం తెల్లగా ఉండాలంటే తెల్ల పూత డిస్కే కొనాలి, ఏ సాఫ్ట్‌వేరూ ఆ లోటు తీర్చదు.

డబ్బు పెట్టాల్సింది ఎవరు

నీరో కవర్‌డిజైనర్, ష్యూర్‌థింగ్, రోన్యాసాఫ్ట్, అకౌస్టికా, మ్యాక్‌లో డిస్క్ కవర్ లాంటి లేబుల్ ప్యాకేజీలన్నీ ఒక పని బాగా చేస్తాయి. డిస్కు లేబుల్, పెట్టె ముందు కాగితం, వెనక కాగితం ఒకే డిజైన్‌లో సెట్‌గా ఇస్తాయి. ఇంగ్లీషులో పెళ్లి వీడియోలు ఎక్కువ చేసే స్టూడియోకి అది కలిసొస్తుంది. ఒకటో రెండో డిజైన్లు తెలుగులో చేసుకునేవాళ్లకి ఆ ఖర్చు దండగ. డీవీడీ పెట్టె కవరు కొలత 273 x 183 మిల్లీమీటర్లు, మధ్య వెన్ను 14. ఇది తెలిస్తే ఇంక్‌స్కేప్‌లోనే వేసుకోవచ్చు.

డిస్కు డిస్కుకీ పేరు మారాలంటే లెక్క వేరు. సంగీత పాఠశాల వార్షికోత్సవంలో ఒక్కో పిల్లకీ తన పేరున్న డిస్కు ఇవ్వాలనుకుంటే, లినక్స్‌లో జీలేబుల్స్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. పేర్ల పట్టికని సీఎస్‌వీ (కామాలతో విడదీసిన) ఫైలుగా ఇస్తే ఒక్కో పేరునీ దాని లేబుల్లో పెట్టేస్తుంది. ఫోటోషాప్‌లో వేరియబుల్స్ అనే సదుపాయం కూడా ఈ పనే చేస్తుంది. పేరుని అడ్డంగా పెట్టుకోండి, నేపథ్యంలో వలయం అందరికీ ఒకటే ఉంచండి.

స్కాన్ సెంటర్ల పని మళ్లీ వేరు. రోజంతా డిస్కులిచ్చే చోట ఎప్సన్ డిస్క్‌ప్రొడ్యూసర్, రిమేజ్ లాంటి యంత్రాలు డేటా రైట్ చేయడం, పేషెంటు పేరు ముద్రించడం రెండూ వరసగా చేసుకుపోతాయి. వాటితో వచ్చే సాఫ్ట్‌వేరే వాడాలి, ఎంపిక ప్రశ్నే రాదు.

లాయర్లకి అందంతో పనిలేదు. కేసు నంబరు, తేదీ, ఫైళ్ల పేర్లు స్పష్టంగా ఉంటే చాలు, దానికి ప్రింటర్ సొంత సాఫ్ట్‌వేర్ సరిపోతుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఇచ్చే సర్టిఫికెట్‌లో ఫైలు హ్యాష్ విలువ, అంటే ఫైలు మారలేదని చూపే వేలిముద్ర లాంటి కోడ్, రాయాలి. ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతిలో లెక్కిస్తే అది 64 అక్షరాల పొడవు. దాన్ని డిస్కు చుట్టూ తిప్పి రాయించే ఉత్సాహవంతులున్నారు గానీ, మెడ తిప్పుతూ అది చదివే ఓపిక ఏ గుమస్తాకీ ఉండదు. కవరు మీద అడ్డంగా వేయండి.

ప్రింట్ ఇచ్చేముందు డేటా రైట్ చేసి, ఫైళ్లు తెరుచుకుంటున్నాయో లేదో చూసుకోవాలి. ముద్రణ తర్వాత రైట్ చేస్తే వేలిముద్ర, దుమ్ము, ఆరని ఇంకు ఏదో ఒకటి డ్రైవులోకి పోతుంది. ట్రేని ప్రింటర్ ఆన్ చేసి, అది సిద్ధమయ్యాకే లోపల పెట్టాలి. మొదటి ముద్రణ పాడైపోయిన పాత ప్రింటబుల్ డిస్కు మీద తీస్తే, కేంద్రం ఎటు జరిగిందో తెలుస్తుంది. ఎంత జరిగిందో కొలిచి, సాఫ్ట్‌వేర్‌లోని ప్రింట్ పొజిషన్ సర్దుబాటులో ఆ విలువ పెడితే తర్వాతి డిస్కులన్నీ సరిగ్గా వస్తాయి. ముద్రించినవాటిని ఎండ తగలని చోట ఇరవై నాలుగు గంటలు విడివిడిగా ఆరనివ్వాలి. నవంబరు వానల్లో ఇంకో రోజు ఎక్కువ పట్టొచ్చు, పెళ్లివాళ్లకి డెలివరీ తేదీ ఒప్పుకునేటప్పుడే అది కలుపుకుని చెప్పండి.